ఒక్కటే మార్చిన బ్లేడు

ముప్పై నాలుగేళ్లు వడ్రంగం చేశాను. ఆర్మూర్ నుంచి పెర్కిట్ పోయే దారిలో ఒక టింబర్ డిపో ఉంది. దాని వెనకాల రేకుల షెడ్డే నా ఉద్యోగం. తలుపులు, వాటి చుట్టూ ఉండే దర్వాజలు, కిటికీలు చేసేవాళ్లం. గల్ఫ్ పోయినవాళ్లు ఇక్కడ ఇళ్లు కట్టుకుంటున్న రోజుల్లో మాకు తల ఎత్తే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు ఆటోలో ఆ ఇళ్ల ముందు నుంచి పోతుంటే ఫలానా తలుపు నేను చేసిందేనని పక్కవాళ్లకు చూపించవచ్చు. చూపించను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీలో చాలామంది చిత్రిక పట్టే చేతి రందా ముట్టకుండానే కరెంటు రందా పట్టుకుంటున్నారు. తప్పేం లేదు, కాలం అది. చెక్క మీద మిషన్ నడపడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. అసలు పని మిషన్ ఆపి, ప్లగ్ పీకి, దాన్ని తిరగేసి ఒళ్లో పెట్టుకున్నాక మొదలవుతుంది. బ్లేడు మార్చడం, సరిచేయడం, పదును పెట్టడం. నాకు వచ్చిన విద్య అంతా అక్కడే ఉంది. నేను చేసిన పాపం కూడా అక్కడే ఉంది. రెండూ చెబుతాను.

ఇంగ్లీషు కాగితం

మా షెడ్డుకు మొదటి కరెంటు రందా వచ్చిన రోజు అందరం పని ఆపి చుట్టూ మూగాం. మా సేటు, అంటే డిపో యజమాని, హైదరాబాద్ నుంచి తెచ్చాడు. డబ్బాలో మిషన్‌తో పాటు బొమ్మలున్న కాగితం ఒకటి వచ్చింది, మొత్తం ఇంగ్లీషు. సేటుకు ఇంగ్లీషు వచ్చు. దాన్ని మడిచి సొరుగులో వేసుకున్నాడు.

"అండ్ల ఏం రాసుందో జర చదివి చెప్పు సేటూ," అన్నాను.

"గది చదువుకుంట కూసుంటే తలుపులు ఎవడు చేస్తడు భూమన్నా? స్విచ్ ఏసి చాలు చెయ్, అదే తెలుస్తది," అన్నాడు.

అదే తెలిసింది. కాకపోతే పాడుచేసుకుంటూ తెలిసింది. మొదటి వారంలోనే స్విచ్ ఆపి, మిషన్‌ను టేబుల్ మీద దించాను. లోపల డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. మిషన్ తనంతట తానే టేబుల్ మీద పరుగెత్తి, తన వైరును తానే కొరికేసుకుంది. స్విచ్ ఆపగానే డ్రమ్ము ఆగదని, పూర్తిగా ఆగేదాకా చేతిలోనే పట్టుకోవాలని ఆ రోజు తెలిసింది. ఆ కాగితంలో మొదటి బొమ్మ అదే. ఎన్నో ఏళ్లకు చూశాను.

తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను. మిషన్ అడుగున రెండు ఇనుప పలకలుంటాయి, ముందొకటి, వెనకొకటి. నడుమ సందులో డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ముకు ఎదురెదురుగా రెండు బ్లేడ్లు, ఒక్కో బ్లేడును పట్టి ఉంచే మూడు బోల్టులు. ముందు పలక పైకీ కిందికీ జరుగుతుంది. ఎంత మందం చెక్క తీయాలో అది చూసుకుంటుంది. వెనక పలక కదలదు. బ్లేడు అంచు ఆ వెనక పలకకు సరిసమానంగా ఉండాలి. వెంట్రుక మందం తేడా వచ్చినా చెక్క మీద కనిపిస్తుంది.

సావుకారు బొటనవేలు

ఆ వెంట్రుక మందం సంగతి నాకు నేర్పింది వడ్రంగి కాదు. పసుపు మార్కెట్‌లో అడ్తి దుకాణం నడిపే రాజేశ్వర్ సావుకారు.

ఆయన పూజగదికి టేకు తలుపు చేయించుకున్నాడు. దానికి ముందు రోజే నేను బ్లేడ్లు మార్చాను. కంటి అంచనాతో బిగించాను. చెక్క మీద నడిపితే బాగానే తెగింది, కానీ ప్రతి పలక చివర గోరు లోతున ఒక గుంట పడింది. ఎందుకు పడుతోందో తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. రంపపు పొట్టును జిగురులో కలిపి ఆ గుంటలు నింపి, గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ కొట్టాను. నా కంటికే కనిపించలేదు.

సావుకారు వచ్చి తలుపును చూడలేదు. పక్కన సేటుతో మాట్లాడుతూనే దాని మీద బొటనవేలు నడిపించాడు. రోజూ పసుపు కుప్పలో చెయ్యి పెట్టి, కొమ్ము విరిచి, వేలితో రాసి చూసి ధర చెప్పే మనిషి. వేలు పలక చివరి దాకా వచ్చి ఆగింది.

"గిక్కడ ఏం దాచినవ్ భూమన్నా?"

సేటు అందుకున్నాడు. "గది పాలిష్ జర మందం వడ్డది సావుకారూ."

"రంగు వట్టించి తెచ్చిన పసుపును దినాం చూస్తున్న. నాకు పాలిష్ చెప్పకు." నా వైపు తిరిగాడు. "ఎందుకయింది గిట్ల?"

"తెల్వది," అన్నాను.

"ఇన్ని తలుపులు చేసినవ్, ఎందుకయిందో తెల్వదా?"

అరవలేదు, తలుపు వద్దనలేదు. తీసుకుపోయాడు. ఆ అడిగిన తీరుకే నాకు అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే ఎవరూ రాకముందే షెడ్డుకు పోయి మిషన్ తిరగేశాను. మధ్యాహ్నానికి తెలిసింది.

ఇప్పటికీ నేను అలాగే చేస్తాను. ముందు ప్లగ్ పీకుతాను. ముందు పలకను వెనక పలక మట్టానికి తెచ్చి, జానెడు పొడవున్న సాపు చెక్క పట్టీని వెనక పలక మీద, సందు దాటేలా ఆనిస్తాను. డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పుతాను. బ్లేడు ఆ పట్టీని ముట్టీ ముట్టనట్టు రాసుకుంటూ పోవాలి. పట్టీని లేపితే బ్లేడు ఎత్తు ఎక్కువైంది, పలక చివర గుంట పడుతుంది. అసలు ముట్టకపోతే తక్కువైంది, మిషన్ పోనుపోను చెక్కను వదిలేస్తుంది. బ్లేడుకు ఈ కొసన, ఆ కొసన, రెండు చోట్లా చూడాలి. తర్వాత రెండో బ్లేడుకూ అలాగే. రెండూ ఒకే ఎత్తులో లేకపోతే ఒక్కటే కోస్తుంది, రెండోది ఊరికే తిరుగుతుంది. తీరిగ్గా చేస్తే అరగంట. మా సేటు దృష్టిలో ఆ అరగంట నేను ఖాళీగా కూర్చున్నట్టు.

నీలం తిరిగిన అంచు

బ్లేడ్లు మొద్దుబారితే సేటు వాటిని పక్కనున్న వెల్డింగ్ షాపుకు పంపేవాడు. అక్కడ తిరిగే రాయి మీద పెట్టి రయ్యిమని నిప్పురవ్వలు లేపి రెండు నిమిషాల్లో ఇచ్చేసేవారు. తళతళా మెరిసేది. అంచు వెంట మాత్రం నెమలి మెడలాగా నీలం రంగు. ఆ నీలం కనిపించిందంటే ఉక్కు కాలి మెత్తబడిందని అర్థం. అలాంటి బ్లేడు ఒక్క దర్వాజకు కూడా ఆగదు. మళ్లీ పంపేవాళ్లం, మళ్లీ నీలం.

చివరికి నేనే సానరాయి కొనుక్కున్నాను. రెండు బ్లేడ్లనూ పక్కపక్కన ఒకే వాలులో పట్టే చిన్న ఇనుప పట్టీ దొరుకుతుంది, అదీ తెచ్చుకున్నాను. రెండింటినీ ఒకేసారి, నీళ్లు చల్లుకుంటూ, రాయి మొత్తం వాడుకుంటూ రుద్దాలి. విడివిడిగా రుద్దితే ఒకటి ఎక్కువ అరుగుతుంది. ఎక్కువ అరిగింది తేలికవుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే డ్రమ్ము మీద ఒక పక్క బరువు, ఒక పక్క తేలిక ఉంటే మిషన్ వణుకుతుంది. వణికే మిషన్‌లో బోల్టు నిలవదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అప్పటికే నాకు ఇది బాగా తెలుసునని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీ మిషన్లకు సన్నని, రెండు అంచుల గట్టి బ్లేడ్లు వస్తున్నాయి. వాటికి సాన పట్టకండి. ఒక అంచు పోతే తిప్పి పెట్టుకోండి, రెండోదీ పోతే పారేయండి. కొత్తది పెట్టే ముందు బ్లేడు కూర్చునే గాడిని బ్రష్‌తో, తర్వాత గుడ్డతో తుడవండి. ఆవగింజంత పొట్టు ఉన్నా బ్లేడు వంకరగా కూర్చుంటుంది.

మా సేటు దుర్మార్గుడని చెప్పలేను. మా ఇంట్లో చావు అయితే ముందు వచ్చిన మనిషి ఆయనే. కానీ పనిముట్టు వెనక ఒక మనిషి చెయ్యి ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. బోల్టు అరిగిందంటే "ఇంకో వారం నడవదా?" అనేవాడు. మేము నడిపేవాళ్లం. అలాంటి యజమానులు మీకు అడుగడుగునా దొరుకుతారు. నడిపేవాళ్లు ఉన్నంతకాలం వాళ్లు అలాగే అంటారు.

గంగారాం

నా పక్క టేబుల్ మీద పనిచేసేవాడు గంగారాం. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. నందిపేట్ వైపు పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేవాడు. మా షెడ్డులో అందరికంటే నాజూకు చెయ్యి అతనిదే. అతను కుసురు పెట్టిన దర్వాజలో సూది దూరేది కాదు. చెక్కకు చెక్క అతుకుపెట్టడాన్ని మేము కుసురు అంటాం.

దుబాయ్‌లో వడ్రంగి పనికి ఎంపికయ్యాడు. ఏజెంటు ముందు కిటికీ చేసి చూపించి పాసయ్యాడు, మెడికల్ అయింది, వీసా వచ్చింది. ఇంకా పద్దెనిమిది రోజుల్లో ప్రయాణం. ఆ పద్దెనిమిది రోజులు కూడా ఇంట్లో కూర్చోకుండా పనికి వచ్చాడు.

ఆ రోజు పెర్కిట్‌లో ఒక గృహప్రవేశానికి దర్వాజ పోవాలి. పాత ఇల్లు విప్పితే వచ్చిన టేకు దూలాన్ని వాళ్లు ఇచ్చారు, దాన్నే సాపు చేస్తున్నాం. మిషన్ నా చేతిలో ఉంది. చెక్కలో విరిగిన మేకు ఒకటి దాగి ఉంది. టప్పున శబ్దం. ఆపి, తిరగేసి చూస్తే ఒక బ్లేడు అంచు లేచిపోయింది. రెండోది బాగానే ఉంది, కానీ రెండేళ్లుగా సాన పట్టీ పట్టీ అరిగి సన్నబడింది.

సేటు దగ్గరికి పోయాను. సొరుగులో కొత్త జత ఉంది. ప్యాకెట్ చించి ఒక్కటి తీసి ఇచ్చాడు.

"రెండు మార్చాలె సేటూ. జత."

"పాడయింది ఒక్కటే గదా? ఒక్కటే మార్చు. గది మల్ల పనికొస్తది."

"నడుమ బోల్టు గూడ తిరుగుతుంది గని పట్టు పడ్తలేదు. అరిగింది."

"సాయంత్రం బండి వస్తది భూమన్నా. గిప్పుడు బోల్టు కోసం నిజామాబాద్ పోతవా ఏంది?"

ఇంకో మాట అనవలసింది. అనలేదు. కొత్త బ్లేడును ఒక పక్క, అరిగినదాన్ని ఇంకో పక్క బిగించాను. నడిమి బోల్టు పానా తిప్పినకొద్దీ తిరుగుతోంది, పట్టు దొరకడం లేదు. రెండు కొసల బోల్టులే ఆధారం. ప్లగ్ పెట్టి నడిపితే మిషన్ కందిరీగలా గీపెట్టింది, మోచేతి దాకా తిమ్మిరెక్కింది. కాసేపు నడిపాక ఒకసారి ఆపి, బోల్టులు మళ్లీ బిగించి చూడడం నా అలవాటు. ఆ రోజు అదీ చేయలేదు. ఎందుకంటే సేటు డిపో ముందు నుంచి పిలిచాడు, దర్వాజకు వేసే కబ్జాలు, అంటే మడత బందులు చూపించడానికి.

మిషన్ గంగారాం చేతికిచ్చాను. రెండుసార్లు నడిపి ఆపాడు.

"అన్నా, గిదేంది గిట్ల వణుకుతుంది?"

"కొత్త బ్లేడు గదా తమ్మీ. సర్దుకుంటది. కానియ్," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. సేటు అనలేదు. పనిలో నాకంటే చిన్నవాడు, నా మాట మీద నమ్మకం ఉన్నవాడు అడిగితే, అబద్ధమని తెలిసి చెప్పాను. అతను కానిచ్చాడు.

పది నిమిషాలు కాలేదు. మిషన్ గొంతు మారిపోయి ఒక్కసారిగా కట్టయింది. తర్వాత కేక. నేను పోయేసరికి గంగారాం ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చూపుడు వేలు, నడిమి వేలు రెండో కణుపు దాకా లేవు. ఉంగరం వేలి కొస లేదు. తువ్వాల చుట్టి, ఆటోలో దవాఖానకు, అక్కడి నుంచి నిజామాబాద్‌కు తీసుకుపోయాం. దారి పొడుగునా అతను ఒక్కటే అడిగాడు. "అన్నా, పొట్టు తుడవనీకి నేనే పిడి ఇడిచిపెట్టి చెయ్యి ముందటికి వెట్టిన్నా? నాకేం యాదికొస్తలేదే."

"నేను చూడలే తమ్మీ," అన్నాను. అది నిజమే. ఆ నిజం వెనక దాక్కున్నాను.

అంతే సార్

సాయంత్రం తిరిగొచ్చి మిషన్ చూశాను. నడిమి బోల్టు ఊడిపోయింది. కొత్త బ్లేడు ఒక కొస పైకి లేచి ఉంది. దూలం మీద రెండు వేళ్ల వెడల్పున గాయం, లేచిన బ్లేడు కొస దిగబడిన చోటు. ఏం జరిగిందో ఏ వడ్రంగికైనా చూడగానే అర్థమవుతుంది. బ్లేడు చెక్కలో దిగి మిషన్‌ను పైకి ఎగరేసింది. ముందు పిడి మీదున్న ఎడమ చెయ్యి జారింది. మిషన్ వచ్చి ఆ చేతి మీద పడింది. నెత్తురు మరకలన్నీ ఆ గాయానికి ఇవతల ఉన్నాయి. పొట్టు తుడవడానికి చెయ్యి పెట్టి ఉంటే అవతల ఉండేవి.

సేటు నా వెనకే నిలబడి చూశాడు. తర్వాత సొరుగు తెరిచి రెండో కొత్త బ్లేడు ఇచ్చాడు. దాంతో పాటు కొత్త బోల్టుల ప్యాకెట్ కూడా. అవి సొరుగులోనే ఉన్నాయి.

"మిషన్ మంచిగ చెయ్యి. దూలం మీద గా గీత తీసెయ్," అన్నాడు.

మిషన్ మంచిగా చేశాను. అంత శ్రద్ధగా అంతకుముందెప్పుడూ బిగించలేదు. అదే మిషన్‌తో దూలం మీది గాయాన్ని, మరకలను సాపు చేశాను. ఆ దర్వాజ ఇప్పటికీ పెర్కిట్‌లో నిలబడి ఉంది.

మూడో రోజు కార్మిక శాఖ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మిషన్ తిప్పి చూశాడు. కొత్త బ్లేడ్లు, కొత్త బోల్టులు.

"దీనికి బ్లేడు బిగించింది ఎవరు?" అని అడిగాడు.

"గంగారామే సార్," అన్నాడు సేటు. "మిషన్ ఎప్పుడు ఆయన చేతులనే ఉంటది. దుబాయ్ పోయే సోయిల ఉండి, నడుస్తుండంగనే పొట్టు తుడవనీకి చెయ్యి వెట్టిండు."

ఆఫీసరు నన్ను చూశాడు. "అంతేనా?"

ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. బయట ఇంకో డిపోలో పని దొరుకుతుందో లేదో తెలియదు. ఇవన్నీ అప్పుడు ఆలోచించానని చెప్పుకుంటే నాకు బాగుంటుంది. నిజానికి ఏమీ ఆలోచించలేదు. భయపడ్డాను.

"అంతే సార్," అన్నాను.

నాకొచ్చిన పేరు

గంగారాం దుబాయ్ ప్రయాణం ఆగిపోయింది. చెయ్యి మానాక ఒకసారి షెడ్డుకు వచ్చాడు. తన ఉలులు, చేతి రందా సంచిలో వేసుకుని పోయాడు. సేటు ఉండమన్నాడు, చిన్న పనులు చూసుకోమన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. నా వైపు చూసి, "పోయొస్త అన్నా, పైలం," అన్నాడు. పైలం అంటే జాగ్రత్త.

ఆ తర్వాత నేను నిజంగానే జాగ్రత్తపరుణ్ణి అయ్యాను. బ్లేడ్లు జతగా తప్ప మార్చేవాణ్ణి కాదు. బోల్టు అనుమానమనిపిస్తే పారేసేవాణ్ణి. సేటు ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. మా మధ్య ఆ మాట మళ్లీ రాలేదు. నాలుగైదేళ్లలో నాకు పేరొచ్చింది. జక్రాన్‌పల్లి నుంచి, నందిపేట్ నుంచి వేరే షెడ్లవాళ్లు మిషన్లు తెచ్చి నా ముందు పెట్టేవారు. "భూమన్న బిగిస్తే కదలది," అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ లోపల ఏదో దిగబడేది. చిరునవ్వు నవ్వి డబ్బాలోంచి పానా తీసేవాణ్ణి.

రెండేళ్ల కింద సేటు షెడ్డు మూసేశాడు. ఫ్యాక్టరీ తలుపులు లారీల్లో దిగుతున్నాయి, మా తలుపు కోసం నెల రోజులు ఆగేవాళ్లు లేరు. "వచ్చే సోమారం సంది రాకు భూమన్నా," అన్నాడు. ముప్పై నాలుగేళ్లకు అదొక్క వాక్యం. నాకు కోపం రాలేదు. అడిగే అర్హత నేను ఎప్పుడో పోగొట్టుకున్నాను.

తలుపు పని

తర్వాత నా మిషన్ సంచిలో వేసుకుని ఊళ్లలో చిన్న పనులు చేస్తున్నాను. వానకు ఉబ్బి పట్టేసే తలుపులు సాపు చేయడం లాంటివి. ఈ మధ్య నందిపేట్ వైపు ఒక పల్లెలో అలాంటి పనికే పిలిచారు. ఇంటాయన చాయ్ ఇస్తూ అన్నాడు:

"మా ఊర్లె గూడ ఒక మంచి వడ్లాయన ఉండె. గంగారాం. గని పనిముట్టు ముట్టడు. తలుపు పట్టింది, జర చూసిపొమ్మన్న. 'నా చేతులకు సోయి లేదు పటేలా, నేను ముట్ట' అంటడు."

సోయి అంటే ధ్యాస. వేళ్లు లేవు కాబట్టి పని మానేశాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. మిగిలిన వేళ్లతో అతను సగం పని చేయగలడు, ఆ సగం కూడా చాలామంది పూర్తి పనికంటే మేలు. తన మీద తనకు నమ్మకం పోయి మానేశాడని అప్పుడే తెలిసింది. తలుపు పని అయ్యాక సంచి భుజాన వేసుకుని అతని ఇంటికి పోయాను.

అరుగు మీద గంగారాం, అతని భార్య సాయవ్వ కూర్చుని ఉన్నారు. ఆమె ఒళ్లో చాట, చాటలో బీడీలు. అతను కత్తెరతో తునికాకు కత్తిరిస్తున్నాడు. మొండి వేళ్లకు, అరచేతికి నడుమ ఆకును ఇరికించుకుని, ఒక్కోటీ గీసినట్టు ఒకే కొలతలో.

"భూమన్నవా! ఎన్నేండ్లాయె!" అని లేచాడు. సాయవ్వ లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు తాగితే చెప్పలేనని తెలుసు. చెంబు పక్కన పెట్టి చెప్పాను. ఒక్కటే మార్చానని. నడిమి బోల్టు పట్టలేదని, అది తెలిసే ఇచ్చానని. దూలం మీద గీత చూశానని, దాన్ని నేనే సాపు చేశానని.

అతను కత్తెర కింద పెట్టాడు.

"ఆఫీసర్ వచ్చిన నాటికి నీకు ఎరుకనే?"

"ఎరుకనే."

"దవాఖానకు పోంగ నేను అడిగిన నాటికి?"

"అప్పటికి మిషన్ చూడలే. గని బోల్టు సంగతి ఎరుక."

ఒళ్లోని ఆకు ముక్కలు దులిపాడు. తర్వాత, "మిషన్ తియ్," అన్నాడు. తీశాను. "విప్పు."

ఒక్కో బోల్టు విప్పి చూపించాను. నడిమిది లేకపోతే బ్లేడు ఎలా వంగుతుందో, కొస ఎలా లేస్తుందో. అతను డ్రమ్మును మొండి వేళ్లతో మెల్లగా తిప్పుతూ చూశాడు. మళ్లీ బిగించమన్నాడు. బిగించాక మిషన్ అందుకుని, అరుగు అంచున ఆనించి, కుడి చెయ్యి వెనక పిడి మీద, ఎడమ చెయ్యి ముందు పిడి మీద పెట్టాడు. మిగిలిన రెండు వేళ్లు పిడి చుట్టూ సరిగ్గా కూర్చున్నాయి. అలాగే ఉండిపోయాడు.

"సాయవ్వా," అన్నాడు. "నా చెయ్యి పిడి మీదనే ఉండెనే."

ఆమె చాట పక్కకు పెట్టింది. అతన్ని చూడలేదు, నన్ను చూసింది.

"పన్నెండేండ్ల సంది ఈ మనిషి నిద్రల గూడ చెయ్యి ఏడ పెట్టిన్నో అని ఎతుక్కుంటడు అన్నా," అంది. "కూరగాయలు కోసెటప్పుడు కత్తి నా చేతులకెల్లి గుంజుకుంటడు, నీకు గూడ సోయి తప్పుతదని. వేళ్లు పోతే పోనీ. మనిషిని గిట్ల చేసినవేంది?"

క్షమించమని అడగాలని దారిలో అనుకున్నాను. ఆమె మాట విన్నాక ఆ మాట నోట్లోనే చచ్చింది.

గంగారాం మిషన్ నా సంచిలో పెట్టి జిప్పు లాగాడు. "నాకు చెప్పుడుతోని కాదు. గీ ఊర్ల, గా షెడ్డుల, అందరికి నేను సోయి లేనోణ్ణి. నువ్వే జేసినవ్. నువ్వే అందరికి చెప్పు. రాయి."

అందుకే ఇది రాశాను. రాసినదంతా పట్టుకుని మళ్లీ ఆ పల్లెకు పోయాను. అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చదివాను. సాయవ్వ బీడీలు చుట్టడం ఆపలేదు. గంగారాం కళ్లు మూసుకుని విన్నాడు. తన చేతి సంగతి వచ్చిన చోట కళ్లు తెరిచి ఆపమన్నాడు.

"ప్రమాదం అని రాసినవ్. కొట్టేయ్."

"మరి ఏం రాయాలె?"

"నువ్వు నాతోని ఏమన్నవో గదే రాయి. నేను వణుకుతుంది అన్న. నువ్వు సర్దుకుంటది అన్నవ్."

ఆ పదం కొట్టేసి, మేమిద్దరం అనుకున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు.